కోర్లు పెరిగినంత మాత్రాన: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పనితీరుపై ఒక పరిశీలన

డేటాబేస్ సర్వర్ నెమ్మదించిందంటే ఆఫీసుల్లో మొదట వినబడే సలహా ఒకటే: ఇంకా పెద్ద మెషీన్ కొనండి. 16 కోర్లున్న చోట 64 కోర్లు పెడితే నాలుగింతలు పని జరుగుతుందని లెక్క. ఆ లెక్క కొన్నిసార్లు నిజమవుతుంది. చాలాసార్లు సగం దారిలో ఆగిపోతుంది. ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. కోర్లు పెరిగాక సెకనుకు జరిగే పని తగ్గిపోతుంది. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు, ఎందుకు జరుగుతుందన్నదే ఈ వ్యాస విషయం.

ఉదాహరణగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను (వాడుకలో పోస్ట్‌గ్రెస్) తీసుకున్నాను. దానికి కారణం ఉంది. కొన్ని వాణిజ్య డేటాబేస్‌ల లైసెన్సులు అనుమతి లేకుండా పనితీరు కొలతలను ప్రచురించనివ్వవు. పోస్ట్‌గ్రెస్‌కు అలాంటి అడ్డు లేదు. దాని కోడ్, అందులో వచ్చిన మార్పులు, ఆ మార్పులకు కారణాలు అన్నీ బహిరంగంగానే ఉన్నాయి. ముఖ్యంగా 2010 నుంచి 2021 దాకా అది బహుళ కోర్ల మీద తడబడి, నిలదొక్కుకున్న తీరును మెట్టు మెట్టుగా చూడవచ్చు.

లెక్క ఏం చెబుతుంది

1967లో జీన్ అమ్డాల్ చెప్పిన సూత్రం ఇప్పటికీ మొదటి కొలబద్ద. చేసే పనిలో కొంత భాగం ఎన్ని కోర్లున్నా ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలి అనుకుందాం. ఆ భాగం 5 శాతమైతే 16 కోర్ల మీద వేగం సుమారు 9 రెట్లు, 64 కోర్ల మీద 15 రెట్లు, 128 కోర్ల మీద 17 రెట్లు మాత్రమే పెరుగుతుంది. ఎన్ని వేల కోర్లు పెట్టినా 20 రెట్లు దాటదు. అదే భాగాన్ని 1 శాతానికి తగ్గించగలిగితే 64 కోర్ల మీదే 39 రెట్లు వస్తుంది. అంటే కోర్లను రెట్టింపు చేయడం కన్నా ఆ ఒంటరి భాగాన్ని కుదించడమే ఎక్కువ లాభం. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు యాభైమంది ఉన్నా, అన్నం వార్చే గుండిగ ఒక్కటే అయితే బంతి కదలదు.

అయితే అమ్డాల్ సూత్రంలో వేగం ఒకచోట నిలిచిపోతుందే గానీ వెనక్కి తగ్గదు. నిజమైన మెషీన్లలో తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకోవడానికి నీల్ గంథర్ ప్రతిపాదించిన సార్వత్రిక స్కేలబిలిటీ సూత్రం మరో పదాన్ని చేర్చింది: కోర్లు ఒకదానితో ఒకటి సమాచారం సరిపోల్చుకోవడానికి అయ్యే ఖర్చు. ఇది కోర్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది. క్యూలో నిలబడే ఖర్చు 0.02, సరిపోల్చుకునే ఖర్చు 0.0005 అని ఊహించి లెక్కవేస్తే 32 కోర్ల వద్ద సుమారు 15.1 రెట్లు, 44 కోర్ల వద్ద గరిష్ఠంగా 15.7 రెట్లు వస్తుంది. 128 కోర్ల వద్ద అది 11 రెట్లకు పడిపోతుంది. ఇవి ఊహాంకెలే, ఏ సర్వర్ మీదా కొలిచినవి కావు. కానీ తక్కువ కోర్ల మెషీన్ ఎక్కువ కోర్ల మెషీన్‌ను ఓడించడం గణితపరంగా వింత కాదని చూపడానికి ఇవి చాలు.

చదివేవాళ్లు కూడా ఎందుకు గుద్దుకుంటారు

ఇద్దరు యూజర్లు ఒకే వరుసను మారుస్తుంటే ఒకరు ఆగాలి. ఇది అందరికీ అర్థమయ్యేదే. అందరూ కేవలం చదువుతున్నప్పుడు కూడా కోర్లు ఒకదానికొకటి ఎందుకు అడ్డుపడతాయి? బహుళ కోర్ల సమస్యలో కీలకం ఇక్కడుంది.

ఒక టేబుల్‌ను చదువుతున్నప్పుడు దాన్ని మరొకరు తొలగించకుండా డేటాబేస్ ఒక తేలికపాటి లాక్ తీసుకుంటుంది. చదివేవాళ్లు ఎందరైనా దాన్ని పంచుకోవచ్చు. కానీ "నేనూ చదువుతున్నాను" అని నమోదు చేయడమంటే మెమరీలో ఎక్కడో ఒక లెక్కను మార్చడమే. పేరుకు చదవడం, లోపల జరిగేది రాత. ప్రాసెసర్ మెమరీని సాధారణంగా 64 బైట్ల ముక్కలుగా, క్యాష్ లైన్లుగా, తెచ్చుకుంటుంది. ఒక కోర్ ఆ ముక్కలో రాయాలంటే మిగతా కోర్ల దగ్గరున్న ప్రతులు చెల్లకుండా పోవాలి. 64 కోర్లు సెకనుకు లక్షల సార్లు ఒకే ముక్కలో రాస్తుంటే ఆ ముక్క కోర్ల మధ్య బంతిలా తిరుగుతూనే ఉంటుంది. సీపీయూ వాడకం 100 శాతం చూపిస్తుంది గానీ అందులో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఒకటి కన్నా ఎక్కువ సాకెట్లున్న సర్వర్లలో ఆ ముక్క ఒక చిప్ నుంచి మరో చిప్‌కు ప్రయాణించాలి కాబట్టి ఖర్చు ఇంకా పెరుగుతుంది.

డేటాబేస్‌లో ఇలాంటి ఉమ్మడి చోట్లు ఎన్నో. 2008లో హారిజోపౌలస్, అబాడీ, మ్యాడెన్, స్టోన్‌బ్రేకర్ షోర్ అనే డేటాబేస్ మీద ఒక్క థ్రెడ్‌తోనే పరీక్షించి, ఒక ఆర్డర్ ట్రాన్సాక్షన్‌లో ఖర్చయిన ఇన్‌స్ట్రక్షన్లను విడదీసి లెక్కించారు. బఫర్ నిర్వహణకే మూడింట ఒక వంతుకు పైగా పోయింది. లాకులు, లాచ్‌లు (మెమరీలోని నిర్మాణాలను క్షణకాలం కాపాడే చిన్న లాకులు), లాగ్ రాయడం కలిపి మరో 40 శాతానికి పైగా తిన్నాయి. ఆ పనుల్లో చాలావరకు ఉమ్మడి నిర్మాణాల మీదే జరుగుతాయి. కోర్లు పెరిగే కొద్దీ పోటీ మొదలయ్యేది సరిగ్గా ఆ చోట్లలోనే.

పదకొండేళ్ల సాక్ష్యం

2010లో ఎంఐటీ పరిశోధకులు 48 కోర్ల ఏఎండీ సర్వర్ మీద లినక్స్ కెర్నల్‌ను పరీక్షించారు. ఎంచుకున్న ఏడు అప్లికేషన్లలో పోస్ట్‌గ్రెస్ ఒకటి. డిస్క్ వేగం లెక్కలోకి రాకుండా ఫైళ్లను మెమరీలోనే ఉంచారు. కోర్లు పెరిగే కొద్దీ రెండు ఇరుకులు బయటపడ్డాయి. మొదటిది పోస్ట్‌గ్రెస్‌ది: లాకుల పట్టికకు అప్పట్లో 16 విభాగాలే ఉండేవి. ఒకే టేబుల్‌ను చదివే క్వెరీలన్నీ ఒకే విభాగం మీద పడేవి. రెండోది కెర్నల్‌ది: ఫైల్ పరిమాణం తెలుసుకోవడానికి పోస్ట్‌గ్రెస్ పదే పదే ఎల్‌సీక్ అనే కాల్ చేస్తుంది. ఆ చిన్న పనికి కెర్నల్ ఒక మ్యూటెక్స్ (ఒక్కసారికి ఒక్కరినే లోనికి వదిలే లాక్) పట్టేది. పరిశోధకులు రెండింటినీ సవరించాక పనితీరు బాగా మెరుగుపడింది. అప్పటికీ మిగిలిన ఇరుకు డేటాబేస్ లోపలి ఒక స్పిన్‌లాక్ దగ్గరే తేలింది.

2011–12లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ రాబర్ట్ హాస్ లాకుల సమస్యను మరో దారిలో తీర్చారు. తేలిక లాకులను ఉమ్మడి పట్టికలో కాకుండా ప్రతి బ్యాకెండ్ ప్రాసెస్ తన సొంత జాగాలోనే రాసుకుంటుంది. గట్టి లాక్ కావలసినవాళ్లే వచ్చి అందరి జాగాలూ వెతుక్కోవాలి. అరుదుగా జరిగే పనికి భారం పెంచి, నిత్యం జరిగే పనిని తేలిక చేయడం ఇందులోని కిటుకు. ఆ పోటీ తగ్గగానే ఎంఐటీవారు చూసిన ఎల్‌సీక్ ఇరుకు మళ్లీ పైకి తేలింది. దాన్ని ఆండీ క్లీన్ మార్పులతో లినక్స్ 3.2లో సరిచేశారు.

2012 సెప్టెంబరులో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.2 విడుదల ప్రకటన 64 కోర్ల దాకా సరళరేఖలో పెరుగుదల, సెకనుకు 3,50,000 దాకా రీడ్ క్వెరీలు, 14,000 దాకా రైట్లు అని పేర్కొంది. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఇవి ప్రాజెక్ట్ తన గురించి తాను చెప్పుకున్నవి, "దాకా" అన్న మాటతో చెప్పినవి. రీడ్లకూ రైట్లకూ మధ్య 25 రెట్ల తేడా ఉంది. చదివే దారిలో ఇరుకులు తొలగినంత మాత్రాన రాసే దారి తెరుచుకోలేదని ఆ తేడా గుర్తుచేస్తుంది.

రాసే దారిలో ప్రధాన ఇరుకు వాల్ అని పిలిచే లాగ్. ప్రతి మార్పూ ముందు అందులో చేరాలి. 9.4 దాకా ఆ లాగ్ బఫర్లలో ఒక్కసారికి ఒక్క బ్యాకెండే రాయగలిగేది. 2014 చివర్లో వచ్చిన 9.4లో హెయిక్కి లిన్నకంగస్ చేసిన మార్పుతో పలువురు ఒకేసారి రాయడం సాధ్యమైంది. తర్వాత 9.5లో లోపలి లాకులను ప్రాసెసర్ అటామిక్ ఆపరేషన్లతో తిరగరాశారు. బఫర్ పట్టిక విభాగాలను 16 నుంచి 128కి పెంచారు. 9.6లో ట్రాన్సాక్షన్ ముగించేవాళ్లు, నడుస్తున్న ట్రాన్సాక్షన్ల జాబితాను కాపాడే ప్రాక్‌అరే లాక్ కోసం ఒక్కొక్కరుగా కాకుండా గుంపుగా పని తెముల్చుకునే ఏర్పాటు వచ్చింది. అందులో అమిత్ కపిల పని ఉంది.

ఈ కాలంలో చివరి పెద్ద మెట్టు 2021లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 14. ప్రతి క్వెరీ మొదట "ఈ క్షణాన ఎవరి ట్రాన్సాక్షన్లు నడుస్తున్నాయి" అని ఒక స్నాప్‌షాట్ తీసుకుంటుంది. అంతకు ముందు అందుకోసం తెరిచి ఉన్న కనెక్షన్లన్నిటినీ పరికించేది. వేల కనెక్షన్లు ఊరికే తెరిచి పెట్టినా, పని చేస్తున్న కొద్దిమంది మీద ఆ భారం పడేది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఈ భాగాన్ని మార్చాక ఎక్కువ కోర్లు, ఎక్కువ సెషన్లు ఉన్నచోట, ఖాళీ సెషన్లు ఎక్కువగా ఉన్నచోట కూడా వేగం మెరుగుపడిందని ఆ విడుదల నోట్స్ చెబుతాయి.

ఈ వరుసలో ఒక క్రమం కనబడుతోంది. ప్రతి మార్పూ ఒక ఇరుకును తొలగించింది, వెంటనే దాని వెనకున్న మరో ఇరుకును బయటపెట్టింది. ఇది పోస్ట్‌గ్రెస్‌కే పరిమితం కాదు. 2014లో షియాంగ్‌యావో యూ, ఆండీ పావ్లో తదితరులు ఏడు రకాల కంకరెన్సీ నియంత్రణ పద్ధతులను సిమ్యులేషన్‌లో 1024 కోర్ల దాకా నడిపి చూశారు. ఏదీ ఆ స్థాయికి నిలవలేదు. కుంగిపోయిన కారణాలు మాత్రం పద్ధతి పద్ధతికీ వేరు.

కొలతలో దొర్లే తప్పులు

ఇరుకును కనిపెట్టాలంటే కొలత సరిగా ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే పీజీబెంచ్ సాధనం తీసుకుందాం. దాని స్కేల్ 1 అయితే ఖాతాల టేబుల్‌లో లక్ష వరుసలు, టెల్లర్ల టేబుల్‌లో 10, బ్రాంచీల టేబుల్‌లో ఒక్కటంటే ఒక్క వరుస ఉంటాయి. మామూలుగా నడిపే ట్రాన్సాక్షన్ ప్రతిసారీ బ్రాంచి వరుసను మారుస్తుంది. కాబట్టి స్కేల్ 1తో 64 క్లయింట్లను నడిపితే అందరూ ఒక్క వరుస కోసం క్యూ కడతారు. వచ్చే అంకె సర్వర్ సామర్థ్యాన్ని కాదు, ఆ క్యూను కొలుస్తుంది. స్కేల్ కనీసం క్లయింట్ల సంఖ్యంత ఉండాలని దాని మాన్యువలే హెచ్చరిస్తుంది. మరీ కొద్ది సెకన్ల పరీక్షను నమ్మవద్దని కూడా అందులోనే ఉంది. చెక్‌పాయింట్, ఆటోవాక్యూమ్ లాంటి పనులు నిమిషాల ఎడంతో వస్తాయి, పరీక్ష వాటిని దాటేంత సేపు నడవాలి.

రెండో తప్పు, కొలిచే సాధనమే అలసిపోవడం. ఒక్క థ్రెడ్‌తో నడిచే క్లయింట్ పెద్ద సర్వర్‌కు సరిపడా క్వెరీలు పంపలేదు. అది డేటాబేస్ ఉన్న మెషీన్ మీదే నడిస్తే దాని కోర్లనే తింటుంది.

మూడోది కోర్ల లెక్క. హైపర్‌థ్రెడింగ్ ఉన్న 32 కోర్ల ప్రాసెసర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 64గా కనబడుతుంది, కానీ ఆ జంటలు ఒకే కోర్ వనరులను పంచుకుంటాయి. పైగా ఒక్క కోర్ పనిచేస్తున్నప్పుడు టర్బో వల్ల క్లాక్ వేగం పెరుగుతుంది, అన్నీ పనిచేస్తే తగ్గుతుంది. ఒక కోర్ కొలతతో 64 కోర్ల కొలతను పోల్చి "స్కేల్ కాలేదు" అనేముందు ఈ రెండింటినీ పక్కకు తీయాలి.

నాలుగోది ఆలస్యం కొలిచే తీరు. క్లయింట్ ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక క్వెరీ పంపాలనుకుందాం. సర్వర్ ఒక సెకను బిగుసుకుపోయింది. జవాబు వచ్చాకే తర్వాతి క్వెరీ పంపే క్లయింట్ ఒక్క ఆలస్యాన్నే నమోదు చేస్తుంది. నిజానికి ఆ సెకనులో రావలసిన వంద క్వెరీలు ఆలస్యమయ్యాయి. ఈ లోపాన్ని గిల్ టెనె వెలుగులోకి తెచ్చారు. పీజీబెంచ్‌లో నిర్ణీత వేగంతో పంపే ఆప్షన్ వాడితే, క్వెరీ బయల్దేరాల్సిన సమయం నుంచే ఆలస్యం లెక్కకు వస్తుంది.

ఇక పేరు పోలికలతో వచ్చే తప్పు. టీపీసీ సంస్థ 1992లో ఆమోదించిన టీపీసీ-సీ బెంచ్‌మార్క్‌లో మనిషి ఆలోచించే సమయం, టైపు చేసే సమయం కూడా భాగమే. అందుకే అందులో డేటా పరిమాణానికి ప్రమాణమైన ఒక్కో గోడౌన్‌కు నిమిషానికి 12.86 ఆర్డర్లకు మించి రావు. పెద్ద అంకె కావాలంటే డేటా కూడా ఆ మేరకు పెరగాలి. ఆ విరామాలు తీసేసి, కొద్ది గోడౌన్లతో నడిపే పరీక్షలు "టీపీసీ-సీ తరహా" అని చలామణి అవుతుంటాయి. వాటికి ఉపయోగం లేకపోలేదు గానీ, ఆడిట్ అయిన అధికారిక ఫలితాల పక్కన పెట్టి పోల్చడం సరికాదు.

సర్దుబాటు ఏ క్రమంలో

ఇంటర్నెట్‌లో దొరికే సెట్టింగుల జాబితాను ఎత్తి అతికించడం ట్యూనింగ్ కాదు. మొదట సర్వర్ దేని కోసం ఎదురుచూస్తోందో చూడాలి. 2016లో వచ్చిన 9.6 నుంచి పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి సెషన్ ఏ లాక్ కోసం ఆగిందో, 10వ వెర్షన్ నుంచి ఏ ఐ/ఓ కోసం ఆగిందో కూడా వెయిట్ ఈవెంట్లలో కనబడుతుంది. లినక్స్ పెర్ఫ్ సాధనం సీపీయూ సమయం ఏ ఫంక్షన్‌లో పోతోందో చూపిస్తుంది. రెండూ కలిపి చూస్తే ఇరుకు డిస్క్‌లో ఉందా, వాల్‌లో ఉందా, లాకుల్లో ఉందా, అసలు ఇండెక్స్ లేని క్వెరీలోనే ఉందా తేలుతుంది. అనుభవంలో చివరిదే ఎక్కువగా ఎదురవుతుంది. దానికి కోర్లతో సంబంధం లేదు.

తర్వాత కనెక్షన్లు. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కు ఒక ప్రాసెస్ పెడుతుంది. ఒకేసారి పనిచేసే కనెక్షన్లు కోర్లకు చాలా రెట్లు మించితే పని పెరగదు, పోటీ పెరుగుతుంది. లిటిల్ సూత్రం ప్రకారం లోపలున్న క్వెరీల సంఖ్య, సెకనుకు పూర్తయ్యేవి, సగటు ఆలస్యం ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. సెకనుకు 20,000 ట్రాన్సాక్షన్ల వద్ద నిలిచిపోయిన సర్వర్‌లో 64 క్లయింట్లుంటే సగటు ఆలస్యం 3.2 మిల్లీసెకన్లు. క్లయింట్లను 640 చేస్తే పని అంతే ఉండి, ఆలస్యం 32 మిల్లీసెకన్లవుతుంది. పీజీబౌన్సర్ లాంటి పూలర్ ముందు పెట్టి క్యూను డేటాబేస్ బయటే ఉంచడం అందుకే మేలు. కోర్లకు రెండింతలు, దానికి డిస్కుల సంఖ్య కలపాలన్న పాత సూత్రం మొదలుపెట్టడానికి పనికొస్తుంది. తిరిగే డిస్కుల కాలం నాటిది కాబట్టి దాని మీదే ఆగిపోకూడదు. ఆ అంకెకు అటూ ఇటూ కొలిచి చూడాలి.

మెమరీ విషయంలో షేర్డ్ బఫర్స్ డిఫాల్ట్ 128 ఎంబీ మాత్రమే. డేటాబేస్‌కే కేటాయించిన సర్వర్‌లో మొత్తం ర్యామ్‌లో 25 శాతంతో మొదలుపెట్టమని, 40 శాతం దాటితే లాభం ఉండకపోవచ్చని అధికారిక మాన్యువల్ అంటుంది. బఫర్లు పెద్దవైనప్పుడు హ్యూజ్ పేజీలు వాడితే పేజీ పట్టికల భారం తగ్గుతుంది.

రెండు సాకెట్ల మెషీన్లలో ఒక్కో సాకెట్‌కు (నోడ్‌కు) దగ్గరి మెమరీ వేరుగా ఉంటుంది కాబట్టి నూమా సెట్టింగులు చూడాలి. జోన్ రిక్లెయిమ్ మోడ్ అనే కెర్నల్ సెట్టింగ్ కొన్ని పెద్ద సర్వర్లలో దానంతటదే ఆన్ అయ్యేది. దాంతో పక్క సాకెట్‌లో ఖాళీ మెమరీ ఉన్నా, దగ్గరి మెమరీలో ఉన్న ఫైల్ క్యాష్‌ను కెర్నల్ ఖాళీ చేసేది. 2014లో లినక్స్ 3.16 నుంచి దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. మైఎస్‌క్యూఎల్ విషయంలో 2010లో జెరెమీ కోల్ ఇలాంటి సమస్యనే వివరించారు: మెమరీ ఒక నోడ్ మీదే నిండిపోయి, మెషీన్‌లో ఖాళీ ఉండగానే స్వాప్ మొదలయ్యేది. నోడ్లన్నిటి మధ్యా మెమరీని సమానంగా పంచమనడం ఆయన సూచించిన పరిష్కారం.

ఇక కమిట్ దగ్గర డిస్క్‌కు రాసేదాకా ఆగకుండా ముందుకు పోయే సెట్టింగ్ ఉంది. అది వేగాన్ని ఇస్తుంది, బదులుగా కరెంట్ పోతే చివరి కొన్ని ట్రాన్సాక్షన్లు పోయే ప్రమాదాన్ని తెస్తుంది. దాన్ని ట్యూనింగ్ అని సాంకేతిక సిబ్బంది ఒక్కరే నిర్ణయించకూడదు. ఆ డేటా ఎవరిదో వాళ్లు ఒప్పుకోవాలి.

ఏ మార్పైనా ఒక్కొక్కటిగా చేసి, ముందూ వెనకా కనీసం మూడు సార్లు కొలవాలి. మూడు కొలతల మధ్యే 6 శాతం తేడా వస్తుంటే, 4 శాతం మెరుగుదల వచ్చిందని ప్రకటించడానికి ఆధారం లేనట్టే.

ఈ సాక్ష్యం ఎంతవరకు

పైన చెప్పిన ఆధారాలకు హద్దులున్నాయి. ఎంఐటీ పరీక్షల్లో డేటా మెమరీలో ఉంది, నిజమైన సర్వర్లలో అలా ఉండకపోవచ్చు. 1024 కోర్ల ఫలితాలు సిమ్యులేషన్‌వి. పోస్ట్‌గ్రెస్ మార్పుల లాభాలను ఎక్కువగా కొలిచింది ఆ మార్పులు చేసినవాళ్లే, అదీ ఆ ఇరుకు బాగా కనబడే పరీక్షలతో. మీ అప్లికేషన్‌లో ఆ ఇరుకు లేకపోతే ఆ లాభమూ ఉండదు. 2018లో ఆమ్‌స్టర్‌డామ్ సీడబ్ల్యూఐ పరిశోధకులు డేటాబేస్‌ల మధ్య న్యాయమైన పోలిక ఎంత కష్టమో వివరించారు. ఒకదాన్ని శ్రద్ధగా ట్యూన్ చేసి రెండోదాన్ని డిఫాల్ట్‌లో వదలడం, వేడెక్కిన క్యాష్‌ను చల్లని క్యాష్‌తో పోల్చడం, పరీక్షకే ప్రత్యేకంగా సర్దడం వాళ్లు ఎత్తిచూపిన లోపాల్లో కొన్ని.

ఇన్ని హద్దులున్నా ఒక నిర్ధారణకు రావచ్చు. 2010 నుంచి 2021 దాకా పోస్ట్‌గ్రెస్‌ను పెద్ద మెషీన్ల మీద నిలబెట్టింది కోర్లు కాదు; లాక్ పట్టికలో, ఎల్‌సీక్‌లో, వాల్‌లో, స్నాప్‌షాట్‌లో ఒక్కో ఇరుకును కొలిచి కనిపెట్టిన పని. అందులో చాలా భాగం కొత్త వెర్షన్‌కు మారితే ఖర్చు లేకుండానే వస్తుంది. కాబట్టి ఎవరైనా సెకనుకు ఇన్ని లక్షల క్వెరీలు అన్నప్పుడు డేటా ఎంత, క్లయింట్లు ఎందరు, చదవడమా రాయడమా, ఎంతసేపు నడిపారు, 99వ పర్సెంటైల్ ఆలస్యం ఎంత అని అడగండి. కొత్త మెషీన్‌కు ఆర్డర్ పెట్టే ముందు, రద్దీ వేళలో ఒక గంట కూర్చుని పాత మెషీన్ దేని కోసం ఆగుతోందో చూడండి.